గట్క, తొక్కు, గరిటెడు కూర: మన రాత్రి భోజనం కథ

ఈమధ్య నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే ఈ మాట రాకుండా ఉండదు. "రాత్రికి అన్నం మానేశామండీ!" ఒకరు జొన్నరొట్టె అంటారు, ఒకరు రెండు గుడ్లు అంటారు, ఇంకొకరు కీరదోస ముక్కలు, సూప్ అంటారు. కాలేజీ పిల్లలైతే దానికి 'లో కార్బ్ డిన్నర్' అని పేరు కూడా పెట్టేశారు. పది రోజులయ్యాక మళ్లీ అదే నలుగురం కలిస్తే సగం మంది గొంతు తగ్గించి చెప్పే మాట ఇంకొకటి ఉంటుంది. "ఏం తిన్నా తిన్నట్టే లేదు. పదింటికి లేచి గిన్నెలో ఉన్న అన్నంలో ఇంత తొక్కు కలుపుకుని తినేశా."

ఆ తొక్కు ముద్ద మీదికే మనసు ఎందుకు పోతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మన వంటింట్లో కారం, పులుపు ఎందుకు అంత ఘాటుగా పుట్టాయి? రాత్రి కంచంలో ధాన్యం ఎందుకు గుట్టగా, కూర ఎందుకు గరిటెడుగా ఉండిపోయింది? ఆ గరిటెడు కూర కూడా ఇంట్లో ఎవరి దాకా వచ్చేసరికి అయిపోయేది? రాత్రి భోజనంలో అన్నం తగ్గించాలి అనుకునే ప్రతి ఇల్లాలికీ ఈ మూడు ప్రశ్నలూ పనికొస్తాయి.

చెరువు కింద వరి, చెల్కల్లో జొన్న

మా ఇబ్రహీంపట్నం పేరు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాది. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఆయనను తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. హుస్సేన్‌సాగర్ ఆయన హయాంలో కట్టిందే. మా ఊరి పెద్ద చెరువును కూడా ఆయన కాలానిదిగానే చెబుతారు. చెరువంటే వరి. కానీ చెరువు నీళ్లు పారేది కొంత భూమికే. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో నీళ్లు పారే భూమిని 'తరి' అని, వానను నమ్ముకున్న భూమిని 'ఖుష్కి' అని రాసేవారు. మన రంగారెడ్డి జిల్లా వైపు ఎర్ర చెల్కలు ఎక్కువ. వాటిలో పండేవి జొన్న, సజ్జ, కంది, ఉలవ, ఆముదం. అంటే చెరువు కట్ట మీద నిలబడి చూస్తే ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పచ్చని వరి కనిపించినా, ఊళ్లో ఎక్కువ ఇళ్లలో పొయ్యి మీద ఉడికేది జొన్న గట్కే. వరి అన్నం పండుగకూ, పెళ్లికీ, చుట్టం వచ్చిన రోజుకూ.

ఇది ఇవాల్టి సంగతి కూడా కాదు. శ్రీనాథ మహాకవి పలనాడు వెళ్లి, అక్కడ సన్నబియ్యం కరువని, ఎక్కడ చూసినా జొన్నలేనని విసుక్కున్నట్టు ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. ఆరు వందల ఏళ్ల కిందటే సన్నన్నం గొప్పింటి గుర్తు. జొన్న సామాన్యుడి కడుపు.

ఇక మిరపకాయ. ఎర్రకారం లేని తెలుగు వంటను మనం ఊహించుకోలేం కదా! కానీ ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి జీవితంలో ఒక్కసారి కూడా మిరపకాయ కొరకలేదు. అది అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, పోర్చుగీసు ఓడల వెంట మన తీరానికి వచ్చింది. 1510లో గోవా వాళ్ల చేతికి పోయింది. అక్కడి నుంచి దక్కనులోకి పాకింది. అంతకుముందు మనకు కారం అంటే మిరియాలు, అల్లం, ఆవాలు. మిరపకాయ అన్న పేరులోనే మిరియం దాక్కుని ఉంది చూడండి. కొత్తగా వచ్చిన కాయ మిరియంలా మండుతోందని ఆ పేరు పెట్టుకున్నాం.

మిరియాలు మలబారు కొండల నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి. మిరపమొక్క పెరట్లో బావి గట్టున నాలుగు గింజలు చల్లినా వస్తుంది. ఎండబెడితే ఏడాదంతా ఉంటుంది. పేదింటికి ఇంతకంటే ఏం కావాలి? ఉప్పు, మిరపకాయ, చింతపండు ఉంటే చాలు, ఏ ధాన్యమైనా గొంతు దిగుతుంది. మన ఘాటైన రుచులు చాలావరకు ఈ అవసరంలోంచే వచ్చాయి.

కారం చేసిన పని

జొన్న గట్క వండడం చూసినవాళ్లకు తెలుసు. జొన్నలను రోట్లో దంచి, చెరిగి, ఇసుర్రాయి మీద రవ్వగా విసిరి, మరిగే ఎసట్లో పోసి, గట్టిపడేదాకా తెడ్డుతో కలపాలి. వేడిగా ఉన్నప్పుడు కమ్మగా ఉంటుంది. కానీ దానికి తనదంటూ పెద్ద రుచి లేదు. కడుపు నిండాలంటే చాలా తినాలి. చాలా తినాలంటే నోట్లో నీళ్లు ఊరాలి. అందుకే పక్కన పచ్చిపులుసు, మామిడి తొక్కు, ఎల్లిపాయ కారం, పుంటికూర పచ్చడి. పచ్చిపులుసుకైతే పొయ్యి పని కూడా పెద్దగా లేదు. చింతపండు పిసికి, కాల్చిన మిరపకాయ నలిపి, ఉల్లిపాయ, ఉప్పు, నీళ్లు కలిపితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కట్టెలు మిగిలాయి, కూరగాయల ఖర్చు మిగిలింది.

ఒక చెంచా తొక్కు పది ముద్దలను లోపలికి పంపాలి. మన రుచుల కొలత అక్కడే కుదిరింది. పది ముద్దలకు సరిపడా ఉప్పు, పది ముద్దలకు సరిపడా కారం ఆ చెంచాలో ఉండాలి. ఇవాళ మనం అన్నం తీసేసి కూర ఒక్కటే తింటే నాలుక మండడం, దాహం వేయడం, 'తిన్నట్టు లేకపోవడం' అన్నీ దీనివల్లే. ఆ కూర ఒంటరిగా తినడానికి పుట్టలేదు.

రాత్రిపూటే ఎందుకు అంత ధాన్యం? పొద్దున పొలానికి పోయేవాళ్లకు పొయ్యి వెలిగించే తీరిక ఉండదు. రాత్రి వండిందే మిగిల్చి, చల్ల పోసి, పొద్దున సద్దిగా మూట కట్టేవారు. కాబట్టి రాత్రి కుండ రెండు పూటల కుండ. పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి, మైళ్లు నడిచిన ఒంటికి ఆ ధాన్యం అవసరం కూడా. ఇవాళ మనం రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు అదే కొలతలో తిని, పదిన్నరకు పడుకుంటున్నాం. కంచం పాతదే, పని మారిపోయింది.

బియ్యం ఆడవాళ్లకు ఇచ్చిన వరం

జొన్నలు పోయి బియ్యం వచ్చిందని, ఆరోగ్యం పాడైందని ఈమధ్య చాలామంది మగవాళ్లు వేదికల మీద చెబుతున్నారు. ఆ జొన్నలు దంచింది, విసిరింది ఎవరో మాత్రం చెప్పరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇసుర్రాయి తిప్పిన చేతులు ఆడవాళ్లవి. మిల్లు పట్టిన బియ్యం కడిగి ఎసట్లో పోస్తే అరగంటలో అన్నం. ఆ సుఖం విలువ మన అమ్మమ్మలకు తెలుసు.

1966లో ఫిలిప్పీన్స్ పరిశోధన కేంద్రం ఐఆర్-8 వరిని విడుదల చేసింది. తరువాత మన మార్టేరు, బాపట్ల కేంద్రాల నుంచి స్వర్ణ, సాంబ మసూరి వచ్చాయి. కాల్వలు, ఆ తరువాత బోర్లు పెరిగాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలితో పడుకునే ఇళ్లకు అది మామూలు విషయం కాదు. పండుగనాటి అన్నం రోజూ కంచంలోకి వచ్చింది. 2025 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. శ్రీనాథుడు కరువన్న సన్నన్నం ఇవాళ రేషన్ షాపులో ఉచితం!

అయితే బియ్యం చౌకైనంతగా పప్పు, గుడ్డు, పాలు, కూరగాయ చౌక కాలేదు. జొన్నచేలో అంతరపంటగా వచ్చే కంది, పెసర, అనుము కూడా జొన్నతో పాటే వెనక్కి పోయాయి. కంచంలో గట్క స్థానంలో అన్నం వచ్చింది గానీ, పక్కన గరిటెడు కూర గరిటెడుగానే ఉండిపోయింది.

జొన్న మంచిదా, బియ్యం మంచిదా?

ఈ వాదనకు జవాబు హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ మొదట పుట్టింది ఇక్కడ కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో 'బెరిబెరి విచారణ కేంద్రం'గా మొదలుపెట్టాడు. బెరిబెరి అంటే కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినే జబ్బు. మిల్లులో తెల్లగా పాలిష్ చేసిన బియ్యమే దాదాపు అంతా తినేవారికి వచ్చేది. తవుడుతో పాటు బి-1 విటమిన్ పోవడం దాని కారణం. ఆ రోజుల్లో ఈ జబ్బుకు పేరుపడ్డ ప్రాంతం మరేదో కాదు, మన కోస్తా జిల్లాలే. వాటిని అప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినడం వల్ల వాళ్లకు అంత బాధ రాలేదు.

ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. వచ్చాక ఇక్కడి డాక్టర్లు ఇంకో జబ్బు చూశారు. పెల్లాగ్రా. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనసు కూడా చెదురుతుంది. ప్రపంచమంతా దీన్ని మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనుకుంటుంటే, దక్కనులో జొన్న మీదే బతికే పేదల్లో కనిపించింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దీని మీద పరిశోధన చేసి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం గురించి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు.

కోస్తాలో బియ్యం, దక్కనులో జొన్న. ధాన్యాలు వేరు, జబ్బులు వేరు. రెండు చోట్లా కంచం మాత్రం ఒకేలా ఉంది. గుట్టంత ధాన్యం, నాలుక్కి రాసుకునేంత కూర. పప్పు, ఆకుకూర, పాలు, మాంసం తగినంత అందిన ఇళ్లకు ఈ రెండు జబ్బులూ పెద్దగా రాలేదు. ఇవాళ మనల్ని పట్టుకున్న షుగర్‌కు వంశం, ఒళ్లు కదలకపోవడం, బరువు ఇలా చాలా కారణాలున్నాయి. కానీ కంచం మాత్రం అదే.

లెక్క కూడా చూద్దాం. ఇదే సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. జొన్నల్లో 68, సజ్జల్లో 62, గోధుమపిండిలో 64. జొన్న, సజ్జల్లో పీచు మూడింతలకు పైగా ఎక్కువ, కాబట్టి నెమ్మదిగా అరుగుతాయి. అది మేలే. కానీ అన్నం మానేసి మూడు జొన్నరొట్టెలు తిని 'లో కార్బ్' అనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే. మన రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోనా రకం సంగతీ అంతే. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ, నిజమే. అంటే రక్తంలో చక్కెరను కొంచెం నిదానంగా పెంచుతుంది. 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అంగట్లో చెప్పే మాట నమ్మి రెండు కంచాలు తింటే మాత్రం నిదానం కాస్తా పోతుంది.

2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో, రోజు మొత్తం మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూసుకోమన్నారు. మన దేశంలో ఇప్పుడు పిండిపదార్థాల వాటా 60 శాతానికి పైనే.

అన్నం మానేయమన్న పాత డాక్టర్లు

పిండిపదార్థం తగ్గించి తినడం ఇప్పటి ఫ్యాషన్ అనుకుంటాం గానీ, దానికి రెండు వందల ఏళ్ల పైబడిన వయసుంది. 1797లో జాన్ రోలో అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు మధుమేహం ఉన్న ఒక సైనికాధికారికి రొట్టె ఆపించి, మాంసం, కొవ్వుతో పథ్యం పెట్టిన సంగతి రాశాడు. 1863లో లండన్‌లో శవపేటికల వ్యాపారి విలియం బాంటింగ్, తన డాక్టర్ సలహాతో రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మానేసి బరువు తగ్గానని చిన్న పుస్తకం వేశాడు. అది ఎంతగా పాకిందంటే, స్వీడన్ భాషలో ఈరోజుకీ పథ్యం చేయడాన్ని 'బంతా' అంటారు. తమాషా ఏమిటంటే 1921లో ఇన్సులిన్‌ను వెలికితీసిన వారిలో ముఖ్యుడి ఇంటిపేరు కూడా బాంటింగే. ఇన్సులిన్ రాకముందు షుగర్‌కు పథ్యం తప్ప వేరే దారి లేదు. వచ్చాక పథ్యం పట్టు కొంత సడలింది.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ గాలి గట్టిగా వీచింది 2017-18 ప్రాంతంలో. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతితో ఊరూరా కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులు, గుడ్లు. బరువు తగ్గామన్నవాళ్లున్నారు, ఇది అందరికీ సరిపడదని వాదించిన డాక్టర్లున్నారు. ఆ వాదన నేను తీర్చలేను. వంటింటి వైపు నుంచి చూస్తే నాకు కనిపించింది ఒకటే. చాలా ఇళ్లలో ఇంటాయన పథ్యం మొదలుపెడితే ఇంటావిడ రెండు వంటలు చేసింది. ఆయనకు మాంసం, గుడ్లు, నెయ్యి. పిల్లలకు మామూలు అన్నం, కూర. చివర్లో తను, మిగిలిన అన్నం.

చివర తినేవాళ్ల కంచం

మా అత్తమ్మకు షుగర్ బయటపడి కొన్నేళ్లయింది. డాక్టర్ చెప్పింది సులువైన మాటే. అన్నం సగం చేయండి, పప్పు, కూర రెట్టింపు చేయండి. ఇంటికొచ్చాక ఆమె అన్నం సగం చేసింది. కూర మాత్రం ఎప్పటిలాగే గిన్నె అడుగున మిగిలింది వేసుకునేది. నేను వడ్డించబోతే చేయి అడ్డం పెట్టేది.

"నాకేంది బిడ్డా, ఇంత తొక్కేస్కొని తింటా. పిలగాండ్లకు ఉంచు."

కొన్నాళ్లకు నీరసం. రాత్రి పదకొండింటికి ఆకలి, మళ్లీ అన్నం. షుగర్ ఎక్కువని, తక్కువని గోల. ఆమె మొండితనం అనుకున్నారు ఇంట్లో అందరూ. నాకు మాత్రం ఇది మొండితనం అనిపించలేదు. అరవై ఏళ్ల అలవాటు. చిన్నప్పుడు వాళ్లమ్మ అలాగే తింది, వాళ్లత్త అలాగే తింది. మగవాళ్లు, పిల్లలు, చుట్టాలు, తరువాత ఆడవాళ్లు. ఏ ఇంట్లోనైనా చివరికి మిగిలేది అన్నమే, కూర కాదు. అన్నం తక్కువైతే తిట్లు పడతాయని ఒక గ్లాసు ఎక్కువే పోస్తాం. కూర ఖరీదు కాబట్టి లెక్కగా చేస్తాం. కాబట్టి ఇంట్లో అందరికంటే ఎక్కువ పిండిపదార్థం, అందరికంటే తక్కువ ప్రోటీన్ తినేది వండినావిడే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి ఇంకా కారణాలున్నా, గిన్నె అడుగున మిగిలిన కూర కూడా ఒక కారణమే. అన్నం మానేయమని ఎవరైనా చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. మానేసిన అన్నం స్థానంలో ఆ ఆడమనిషి కంచంలోకి ఏం వస్తోంది? ఏమీ రాకపోతే దాని పేరు పథ్యం కాదు, పస్తు.

మా ఇంట్లో ఒక చిన్న మార్పు చేశాం. కూర పొయ్యి మీద నుంచి దించగానే, ఎవరూ కూర్చోకముందే, ఎంతమంది ఉంటే అన్ని గిన్నెల్లో పంచేస్తాను. అత్తమ్మ గిన్నె, నా గిన్నె మూతపెట్టి పక్కన ఉంటాయి. మొదట్లో మా ఆయన "ఇదేం హోటలా?" అని నవ్వారు. అత్తమ్మ వారం రోజులు గొణిగింది. తన గిన్నెలోంచి మనవడికి గుడ్డు ఇవ్వబోతే, వాడే "నాది నాకుంది నానమ్మా, నువ్వు తిను" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ గుడ్డు తింది.

అన్నం తగ్గాక కూర ఎలా మారాలి

ఇక వంట సంగతి. ముందే చెప్పినట్టు మన కూరలు అన్నం కోసం పుట్టినవి. వాటిని కంచంలో ముఖ్యమైనవిగా చేయాలంటే మూడు మార్పులు చాలు. ఉప్పు మూడో వంతు తగ్గించాలి. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాముల ఉప్పు దాటవద్దంటారు. గిన్నెడు కూర తింటే అది ఇట్టే దాటుతుంది. రెండోది, చారు పలచన తగ్గించి ముక్కకు పట్టేలా దగ్గరగా చేయాలి. మూడోది, కారం ఘాటును మిరపపొడి ఒక్కదానితో కాకుండా మిరియాలు, అల్లం, ఎల్లిపాయ, ధనియాలతో పంచాలి. రుద్రమదేవి నాటి కారం అన్నమాట. నోటికి ఘాటు తగ్గదు.

నలుగురికి పుంటికూర కోడికూర చేయాలనుకోండి. ముప్పావు కిలో కోడిమాంసం, నాలుగు కట్టల పుంటికూర. రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ఎల్లిపాయ ముద్ద వేయించి, మాంసం వేసి సొంత నీళ్లలోనే ఉడకనివ్వాలి. పుంటికూర విడిగా మగ్గించి చివర్లో కలిపి, దంచిన మిరియాలు, లవంగం చల్లి దించాలి. పక్కన తరిగిన ఉల్లి, కీరదోస, కప్పు పెరుగు. ఇంత పులుపు, కారం ఉన్నప్పుడు అన్నం లేదని నాలుకకు గుర్తే రాదు.

గుడ్ల కారం ఇంకా సులువు, అరగంట పని. ఎనిమిది గుడ్లు ఉడికించి గాట్లు పెట్టుకోవాలి. ఆరు ఎండుమిర్చి, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, పది ఎల్లిపాయ రెబ్బలు, రెండు రేకుల చింతపండు కలిపి దంచి, కొంచెం నూనెలో వేయించి గుడ్లకు పట్టించాలి. దీనికి తోడు బీరకాయ నువ్వుల కూర గిన్నెడు చేస్తే కడుపు నిండుతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది, పిండిపదార్థం లేనట్టే.

చెరువు చేప దొరికిన రోజు బొచ్చె గానీ రవ్వ గానీ తెచ్చి, పులుసు పలచగా కాకుండా మెంతికూర వేసి దగ్గరగా చేయండి. చింతపండు సగం చాలు. మాంసం తినని ఇళ్లలో గుత్తివంకాయకు పల్లీ, నువ్వుల ముద్ద దట్టంగా కూరి, పక్కన చుక్కకూర వేసిన గట్టి పెసరపప్పు పెట్టండి. పప్పులో సగం పిండిపదార్థమే అయినా 100 గ్రాములకు 20 గ్రాముల పైన ప్రోటీన్ ఉంటుంది కాబట్టి అన్నానికి బదులు పప్పు ఎప్పుడూ నష్టం కాదు. పచ్చిపులుసును అన్నంలో పోసుకోకుండా చిన్న గ్లాసులో పోసుకుని మధ్యమధ్యలో తాగి చూడండి. పాత రుచి పాత రుచే.

అన్నం పూర్తిగా మానేయక్కర్లేదు. చిన్న కప్పు అన్నమో, ఒక జొన్నరొట్టెనో కంచంలో ఒక మూలన ఉంచుకుంటే రాత్రి పదింటి ఆకలి రాదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం ఆపకండి. చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, అది ప్రమాదం. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ప్రోటీన్ ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి.

ఖర్చు మాట దాచను. బియ్యం కార్డు మీద వస్తాయి, గుడ్లు రావు. రోజూ కోడికూర ఎవరికీ కుదరదు. మేం వారంలో రెండు రోజులు గుడ్లు, ఒక రోజు మాంసమో చేపో, మిగతా రోజులు పప్పు, పల్లీ, నువ్వు, ఆకుకూర, పెరుగుతో సర్దుకుంటాం. ఆదివారం రెండు కూరలు, ఒక తీపి బదులు ఒకే మంచి కూర ఎక్కువగా చేస్తే లెక్క చాలావరకు సరిపోతుంది.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఒకసారి తీరిగ్గా కూర్చోబెట్టుకుని అడగండి. చిన్నప్పుడు రాత్రిపూట ఏం తినేవారు, దాంట్లోకి ఏం ఉండేది, ఎవరు ముందు తినేవారు, ఎవరు చివర తినేవారు అని. గట్క రుచి, తొక్కు ఘాటు గురించి ఉత్సాహంగా చెబుతారు. చివరి ప్రశ్నకు మాత్రం కాసేపు ఆగుతారు. ఆ రాత్రి కూర పంచేటప్పుడు ముందుగా ఆవిడ గిన్నె నింపండి. తరువాత మీది.